రెండు లీజ్ కార్లు, 52 వేల డాలర్ల అప్పు: ఒకే ఇంట్లో రెండు సమాధానాలు

డాలస్ చుట్టుపక్కల ఉండే కుటుంబాలకి అప్పుల లెక్కల్లో సాయం చేయడం నా పని. వచ్చేవాళ్ళలో సగానికి పైగా తెలుగువాళ్ళే. కారు లీజ్, అంటే కారుని కొన్నేళ్ళకి నెల వాయిదాల మీద తీసుకుని గడువుకి తిరిగిచ్చే పద్ధతి, ఆ సంగతి వచ్చేసరికి రెండు రకాల మాటలు వింటుంటాను. "లీజ్ అంటే దండగ, వెంటనే వదిలించుకోవాలి" అని కొందరు, "నెలకి ఇంతే కదా, ఇంకో మూడేళ్ళకి తీసుకుందాం" అని కొందరు. ఈ కుటుంబానికి ఆ రెండు మాటల్లో ఏది విన్నా నష్టమే జరిగేది. ఒకే ఇల్లు, ఒకే అప్పు, రెండు కార్లు. ఒక కారుని గడువు దాకా ఉంచుకోవడం సరైనదని తేలింది, ఇంకోదాన్ని గడువు నాటికి కొనేయడం సరైనదని తేలింది. అలా ఎందుకు తేలిందో కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మధ్యలో నేను చెప్పిన ఒక ప్లాన్ మూడు వారాల్లోనే చెడింది, దాన్నుంచే అసలు దారి దొరికింది.

వాళ్ళ అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను, అంకెలు దగ్గరి అంకెలకి సర్దాను.

ఇంటి పరిస్థితి

2023 అక్టోబర్‌లో వచ్చారు. భర్తకి 34, భార్యకి 31, రెండేళ్ళ బాబు. అతను హెచ్1బి వర్క్ వీసా మీద, ఆమె అప్పటికి ఓపీటీ మీద, అంటే చదువయ్యాక కొంతకాలం పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి మీద, కొత్తగా ఉద్యోగంలో చేరి ఉంది, జీతం తక్కువ. పన్నులు, హెల్త్ ఇన్సూరెన్స్, రిటైర్మెంట్ కోసం దాచే 401కే పోగా ఇద్దరిదీ కలిపి నెలకి 8,900 డాలర్లు చేతికి వచ్చేవి.

అప్పులు మూడు. మొదటిది ఆమె మాస్టర్స్ కోసం ఇండియాలో ఒక ప్రైవేట్ ఫైనాన్స్ కంపెనీ దగ్గర తాకట్టు లేకుండా తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్. 27.5 లక్షల రూపాయలు మిగిలి ఉంది, వడ్డీ 12.5 శాతం, ఇంకా 7 ఏళ్ళు, నెలకి 49,300 రూపాయల ఈఎమ్ఐ. అప్పటి రేటు ప్రకారం, అంటే డాలర్‌కి 83 చొప్పున, బాకీ 33 వేల డాలర్లు, వాయిదా 594. ఆమె తండ్రి కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టారు కాబట్టి వాయిదా ఒక్కరోజు ఆలస్యమైనా ఫోన్ ఊళ్ళో ఉన్న ఆయనకే వెళ్ళేది. ఈ ఒక్క విషయం ఆమెకి ఎంత టెన్షన్ పెట్టేదో మొదటి గంటలోనే నాకు అర్థమైంది.

రెండోది క్రెడిట్ కార్డులు, రెండు కార్డుల మీద కలిపి 14,200, వడ్డీ 24 శాతం. బాబు పుట్టినప్పటి ఆసుపత్రి బిల్లు, అమ్మానాన్నల టికెట్లు, సోఫా, మంచం, ఇలా పేరుకుంది. మూడోది ఒక స్నేహితుడి దగ్గర చేబదులు, 5,000. మావగారి ఆపరేషన్‌కి తీసుకున్నది, దానికి వడ్డీ లేదు. మొత్తం 52,200.

నెల ఖర్చు ఇలా ఉండేది: అద్దె 2,150, డేకేర్ 1,350, సరుకులు 900, కరెంటు, ఫోన్లు, ఇంటర్నెట్ 380, ఎడ్యుకేషన్ లోన్ 594, కార్డులకి మినిమమ్ 430, రెండు వైపుల పెద్దవాళ్ళకీ పంపేది 500, మిగతా చిల్లర ఖర్చులు 890. కార్లకి 1,661. ఇందులో ఎస్‌యూవీ లీజ్ 489, ఎలక్ట్రిక్ కారు లీజ్ 612, ఇన్సూరెన్స్ 340, పెట్రోలు, చార్జింగ్ 220. అన్నీ పోగా మిగిలేది 45 డాలర్లు.

పెద్దవాళ్ళకి పంపే 500 జోలికి నేను వెళ్ళలేదు. ఆ డబ్బు ఆపమని మొదటి రోజే చెప్పేవాళ్ళు ఉన్నారు, నేను చెప్పను. అది వాళ్ళకి అద్దెలాంటిదే, ఆపమంటే తలాడించి మళ్ళీ నా దగ్గరికి రారు.

ఏ ప్రశ్నతో వచ్చారు

నిజానికి వాళ్ళు అప్పు గురించి రాలేదు. డీలర్ ఫోన్ చేశాడని వచ్చారు. ఎస్‌యూవీ లీజ్ 2021 జూన్‌లో మొదలైంది, 36 నెలలు, ఏడాదికి 12,000 మైళ్ళు, అంటే మొత్తం 36,000. మేము కలిసేసరికి 28 నెలలు గడిచాయి, కారు 34,800 తిరిగేసింది. అదే లెక్కన పోతే ఆఖరికి 44,700 దాటుతుంది, ఎక్కువ తిరిగిన ప్రతి మైలుకీ 25 సెంట్లు. అంటే సుమారు 2,186 డాలర్లు, పైగా కారు తిరిగిచ్చేటప్పుడు 395 డిస్పొజిషన్ ఫీజు.

డీలర్ చెప్పినది ఇది: ఇప్పుడే కారు తిరిగిచ్చి కొత్త మోడల్ తీసుకోండి, మైళ్ళ జరిమానా ఉండదు, ఆఖరి మూడు వాయిదాలు మాఫీ, కొత్త లీజ్ నెలకి 530. అంటే ఇప్పటికంటే 41 డాలర్లే ఎక్కువ. సంతకం రోజు 3,000 కడితే చాలు, ఆ మూడు వేలూ కార్డు మీద వేద్దామనుకున్నారు. "2,600 జరిమానా తప్పుతుంది, కొత్త కారు వస్తుంది, 41 డాలర్లకి ఏముంది అక్కా" అని ఆమె అడిగింది. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. డీలర్ ఆ కాగితాన్ని ఎలా చూపిస్తే ఎవరికైనా అలాగే కనిపిస్తుంది.

నేను చేసిన మొదటి పని ఆ 530 ని విప్పడం. అమెరికాలో లీజ్ ఇచ్చేవాళ్ళు ఏం బయటపెట్టాలో 1976 నాటి కన్స్యూమర్ లీజింగ్ చట్టం, దాని కింద ఉన్న రెగ్యులేషన్ ఎమ్ చెప్తాయి. కారు ధర కింద లెక్కలోకి తీసుకున్న మొత్తం, గడువు ఆఖరికి కారు విలువ ఎంతని అనుకుంటున్నారు, అంటే రెసిడ్యువల్, మొత్తం రెంట్ చార్జ్, అంటే లీజ్‌లో వడ్డీలాంటి ఖర్చు, ఎంత, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. మనీ ఫ్యాక్టర్, అంటే లీజ్‌లో వడ్డీ రేటుని చూపే అంకె, మాత్రం చెప్పాలని నిబంధన లేదు, మనమే లాగాలి. ఆ కాగితంలో మొత్తం 35,000, రెసిడ్యువల్ 21,600, రెంట్ చార్జ్ 5,664. నెలకి రెంట్ 157.33. దాన్ని ఆ రెండు అంకెల కూడికతో, అంటే 56,600 తో భాగిస్తే 0.00278 వస్తుంది. దాన్ని 2,400 తో గుణిస్తే 6.67. అంటే ఇది దాదాపు 6.7 శాతం వడ్డీకి తీసుకునే అప్పు. వాళ్ళిద్దరూ అప్పటిదాకా లీజ్‌లో వడ్డీ ఉండదనుకున్నారు. ఇలా అనుకునేవాళ్ళు నాకు నెలకి ఇద్దరు ముగ్గురు తగులుతారు.

ఇంకోటి కూడా ఆ 35,000 లోపల ఉంది. పాత లీజ్‌లో 8 వాయిదాలు మిగిలి ఉన్నాయి. మూడు మాఫీ అన్నారు, మిగతా ఐదు ఎక్కడికి పోయాయి? ఐదు 489 లు, 2,445, కొత్త కారు ధరలో కలిపేశారు. విడివిడి లెక్క అడిగితే పాత లీజ్ బాకీ అని ఒక వరుసలో కనిపించింది. దాని మీద కూడా మూడేళ్ళు వడ్డీ కట్టాలన్నమాట.

మొత్తం కలిపితే 36 వాయిదాలు 19,080, మొదట్లో కట్టే 3,000, కలిసి 22,080. మూడేళ్ళ తర్వాత చేతిలో ఏమీ ఉండదు. ఆ 41 డాలర్లని పాత వాయిదాతో పోల్చారు కాబట్టి చిన్నదిగా కనిపించింది. దాన్ని కార్డుల మీద నెలనెలా పోతున్న 284 డాలర్ల వడ్డీ పక్కన పెట్టి చూడమన్నాను. ఆ 45 డాలర్ల మిగులులోంచి 41 వెళ్తే కార్డు బాకీ ఎప్పటికి తగ్గుతుందో చెప్పమన్నాను. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు.

డీలర్‌కి వద్దని చెప్పడం ఆ వారమే అయిపోయింది. కష్టమైనది తర్వాత మొదలైంది.

ఎలక్ట్రిక్ కారు

ఇది 2023 మార్చిలో తీసుకున్నది, ఆమె ఉద్యోగంలో చేరిన నెలలో. 36 నెలలు, ఏడాదికి 15,000 మైళ్ళు, నెలకి 612, ఇంకా 29 వాయిదాలు. కలిపితే 17,748. అందరూ ఇచ్చే సలహా దీని మీదే: "ఖరీదైన కారు, ముందు దీన్ని వదిలించుకోండి". వాళ్ళు నా దగ్గరికి రాకముందే ప్రయత్నించారు కూడా. ఆగస్టు, సెప్టెంబర్‌లలో ఆరు వారాల పాటు లీజ్ బదిలీకి ప్రకటన ఇచ్చారు, తీసుకున్నవాళ్ళకి 1,500 డాలర్లు ఎదురిస్తామన్నారు. రెండే ఫోన్లు వచ్చాయి. కారణం తేలికే, 2023 లో ఎలక్ట్రిక్ కార్ల ధరలు ఒకటికి నాలుగుసార్లు తగ్గాయి, కొత్తగా లీజ్‌కి వెళ్ళేవాడికి ఇంతకంటే తక్కువకే కొత్త కారు దొరుకుతుంటే వీళ్ళ పాత వాయిదాని ఎవరు నెత్తికెత్తుకుంటారు.

తిరిగిచ్చేస్తే ఎంతవుతుందని కంపెనీని అడిగించాను. ఆ రోజుకి బాకీ 41,000, బజార్లో కారు విలువ 30,500. తేడా 10,500, అదీ వెంటనే కట్టాలి, కట్టాక చేతిలో కారు ఉండదు. లీజ్ ముందే తెంచుకుంటే వేల డాలర్లు పడవచ్చని, ఎంత ముందు తెంచితే అంత ఎక్కువని ప్రతి లీజ్ కాగితం మీదా రాసి ఉంటుంది, రాయాలని నిబంధన. సంతకం రోజు అది ఎవరూ చదవరు.

ఇక్కడ నా ఆలోచన ఇది. ఈ కారు ధర పడిపోయింది, నిజమే. కానీ ఆ నష్టం ఎవరిది? గడువు దాకా ఉంచుకుని తిరిగిచ్చేస్తే ఆ నష్టం లీజ్ కంపెనీది, ఎందుకంటే రెసిడ్యువల్ నిర్ణయించింది వాళ్ళు. ఇవాళ తెంచుకుంటే ఆ నష్టాన్ని మనం 10,500 పోసి కొనుక్కున్నట్టు, అదీ 24 శాతం కార్డు మీద. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం అంటే ఇదే. కాబట్టి ఈ కారు 2026 మార్చి దాకా కదలదని మొదటి నిర్ణయం. 612 బాధగానే ఉంటుంది, కానీ అది ఇప్పటికే చేసేసిన ఖర్చు. దాని నుంచి ఎంత పని తీసుకోగలమన్నదే మిగిలింది.

ఇంకో భయం కూడా చెప్పాలి. ఉద్యోగం పోతే హెచ్1బి మీద ఉన్నవాళ్ళకి 60 రోజులే. ఆ 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్క దేశం వదిలి వెళ్ళాల్సి వస్తే సొంత కారుని అమ్ముకుని పోవచ్చు, లీజ్‌ని అమ్ముకోలేం. అందుకే వీసా మీద ఉన్న కుటుంబం ఒకేసారి రెండు లీజులు నెత్తిన పెట్టుకోవడం నాకు మొదటి నుంచీ నచ్చదు.

నేను చెప్పిన ప్లాన్, అది చెడిన తీరు

ఎస్‌యూవీకి 36,000 మైళ్ళ హద్దు ఇంకా 1,200 మైళ్ళ దూరంలో ఉంది. దాన్ని పార్కింగ్‌లో పెట్టేసి ఎలక్ట్రిక్ కారు ఒక్కదానితో గడపండి, జూన్‌లో 395 ఇచ్చి వదిలించుకుందాం, ఆ తర్వాత నెలకి 489, దాంతోపాటు ఇన్సూరెన్స్‌లో సగం మిగులుతాయి అన్నాను. కాగితం మీద ఇంతకంటే మంచి ప్లాన్ లేదు. ఇద్దరూ సరేనన్నారు.

మూడు వారాలు నడిచింది. అతని ఆఫీసు 25 మైళ్ళ దూరం, వారానికి ఐదు రోజులు వెళ్ళాలి. ఆమె ఆఫీసు డేకేర్‌కి దగ్గర కానీ కారు లేకుండా వెళ్ళే దారి లేదు. పొద్దున ఆమెని దింపి, బాబుని దింపి, అతను వెళ్ళేవాడు. సాయంత్రం 635 హైవే మీద ట్రాఫిక్ ఆగిపోతే డేకేర్ ఆరింటికి మూసేస్తారు, ఆలస్యమైన ప్రతి నిమిషానికీ ఒక డాలర్. మూడు వారాల్లో మూడుసార్లు కట్టారు. మూడోసారి బాబు ఒక్కడే టీచర్ పక్కన కూర్చుని ఏడుస్తూ కనిపించాడట. ఆ రాత్రి ఆమె నాకు ఫోన్ చేసి, "అప్పు ఇంకో ఏడాది ఎక్కువ పట్టినా పర్వాలేదు అక్కా, ఇది మా వల్ల కాదు" అంది. ఆమె చెప్పింది సబబే. డేకేర్ ఎన్నింటికి మూస్తారన్నది నేను మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న, అడగలేదు. డబ్బు లెక్క వేశాను గానీ సాయంత్రం లెక్క వెయ్యలేదు.

కానీ ఆ మూడు వారాల్లో ఒక విషయం బయటపడింది. అతను ఎలక్ట్రిక్ కారులో ఆఫీసుకి వెళ్ళినప్పుడు అక్కడి పార్కింగ్‌లో చార్జింగ్ బాగా చవకని తెలిసింది. అప్పుడు ఆ కారు మైళ్ళు చూశాను. ఏడు నెలల్లో 4,300 తిరిగింది. హద్దు 45,000. అంటే మిగిలిన 29 నెలలకి నెలకి 1,400 మైళ్ళ చొప్పున వాడుకోవచ్చు, వాటికి డబ్బు ఇప్పటికే కడుతున్నారు. అతను ఎస్‌యూవీ మీద నెలకి తిరిగేది 1,243.

ఇంత చిన్న విషయం ఎవరికీ ఎందుకు తట్టలేదంటే, ఎస్‌యూవీ "అతని కారు", ఎలక్ట్రిక్ కారు "ఆమె కారు". మొదటి ఉద్యోగం వచ్చిన సందర్భంగా తీసుకున్నది, దాని ముందు నిలబడి తీసుకున్న ఫోటో ఊళ్ళో వాళ్ళ ఇంట్లో గోడకి ఉంది. మార్చుకోమని నేను చెప్పలేదు, రెండు కార్ల మైళ్ళూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి ఇద్దరి ముందూ పెట్టాను. ఆమే, "అయితే నువ్వు నా కారు తీసుకెళ్ళు, నేను దగ్గరే కదా" అంది. నవంబర్ మొదటి వారం నుంచి తాళాలు మారాయి. పెట్రోలు, చార్జింగ్ ఖర్చు 220 నుంచి 130 కి వచ్చింది, ఎస్‌యూవీ మైళ్ళు నెలకి 450 దగ్గర ఆగాయి.

కార్డుల సంగతి

సమాంతరంగా ఇది నడిచింది. 18 నెలలు సున్నా వడ్డీ ఇచ్చే ఒక కార్డుకి 9,000 బదిలీ చేశారు, 3 శాతం ఫీజుతో 9,270 అయింది. పాత కార్డు మీద 5,200 మిగిలింది. పెట్రోలులో 90, అదే కవరేజ్ ఉంచి ఇన్సూరెన్స్ ఇంకోచోట అడిగితే తగ్గిన 55, బయటి తిండిలో తగ్గించిన 110, ముందు నుంచీ మిగిలే 45, కలిపి 300. కార్డులకి నెలకి 430 పోయేచోట 730 పోవడం మొదలైంది. అందులో 185 సున్నా వడ్డీ కార్డుకి, 545 ఆ 24 శాతం కార్డుకి.

ఇన్సూరెన్స్ ఇంకా తగ్గించవచ్చు కదా అని అతను అడిగాడు. లీజ్ కారుకి ఎంత కవరేజ్ ఉండాలో కాంట్రాక్టులోనే ఉంటుంది, మన ఇష్టం కాదు. లీజ్ ఖర్చు లెక్క వేసేటప్పుడు చాలామంది వదిలేసేది ఇదే.

2024 మార్చిలో అతనికి బోనస్ వచ్చింది, చేతికి 6,400. పాత కార్డులో మిగిలిన 3,900 చిల్లర ఒకేసారి తీర్చేశారు. మిగతా రెండున్నర వేలు పక్కన పెట్టించాను, ఎందుకో కింద చెప్తాను. ఏప్రిల్‌లో టాక్స్ రిఫండ్ 2,800 వచ్చినప్పుడు నా లెక్క ప్రకారం అది 12.5 శాతం లోన్‌కి పోవాలి. ఆమె మాత్రం చేబదులు ఇచ్చిన స్నేహితుడికి ఇద్దామంది. అతను ఇల్లు కొనుక్కుంటున్నాడు, అడగలేక ఆగుతున్నాడని ఆమెకి తెలుసు. నేను అడ్డు చెప్పలేదు. వడ్డీ లేని అప్పుని ఆఖర్లో పెట్టమని లెక్క చెప్తుంది, కానీ ఆ అప్పు మనిషి ముఖంతో ఉంటుంది, అది ఉన్నంతకాలం వాళ్ళింట్లో శుభకార్యానికి వెళ్ళాలన్నా మనసు ఒప్పదు. మిగిలిన 2,200 మరుసటి ఏడాది బోనస్‌లో తీర్చేశారు.

ఎస్‌యూవీని ఏం చేశాం

2024 జూన్‌కి కారు 38,100 మైళ్ళ దగ్గర ఉంది. తిరిగిస్తే 2,100 మైళ్ళకి 525, ఫీజు 395, మొత్తం 920. ముందు అనుకున్న 2,581 కంటే చాలా నయం. కానీ ఇంకో దారి ఉంది, అదే నాకు ముఖ్యమనిపించింది. ఈ లీజ్ 2021 లో రాసింది. గడువు ఆఖరికి కొనాలంటే 19,800 అని అప్పుడే రాసిపెట్టారు. ఆ తర్వాత పాత కార్ల ధరలు ఎంత పెరిగాయో మనందరికీ తెలుసు. అదే బ్రాండ్ డీలర్ ఒకరు ఆ జూన్‌లో ఈ కారుకి 23,400 ఇస్తానన్నాడు. అంటే ఎలక్ట్రిక్ కారు కథకి ఇది సరిగ్గా తిరగేసింది. అక్కడ నష్టం కంపెనీకి వదిలేయడం మన హక్కు, ఇక్కడ లాభం తీసుకోవడం మన హక్కు, రెండూ కాంట్రాక్టులో ఉన్నవే. పైగా కొనేస్తే మైళ్ళ జరిమానా ఉండదు, తిరిగిచ్చే ఫీజూ ఉండదు.

మూడు దారులు ముందు పెట్టుకున్నాం. తిరిగిచ్చేయడం: 920 కట్టాలి, రెండో కారు లేకుండా గడవదని ముందే తేలింది కాబట్టి ఇంకో పాత కారు వెతకాలి. కొని వెంటనే అమ్మేయడం: టెక్సాస్‌లో లీజ్ తీసుకున్న రోజున కారు పూర్తి ధర మీద 6.25 శాతం పన్ను పడుతుంది, అది వాయిదాల్లో కలిసిపోతుంది, తర్వాత మనం కొనుక్కుంటే కొన్న ధర మీద మళ్ళీ 6.25 శాతం. ఆ 1,237, టైటిల్ (యాజమాన్య పత్రం) వగైరా 350 పోగా సుమారు 2,000 లాభం మిగులుతుంది, కానీ మళ్ళీ కారు వెతకాలి. మూడోది కొని ఉంచుకోవడం.

మూడోదానికి అప్పు కావాలి. అతను గట్టిగానే అడ్డు చెప్పాడు. "అప్పు తీర్చుకోవడానికి మీ దగ్గరికి వచ్చి ఇరవై వేలు కొత్త అప్పు చేస్తామా అండీ?" నేను చెప్పింది ఇది: లీజ్ కూడా అప్పే, దానికి ఆ పేరు లేదంతే. కొత్త అప్పుకి ఎదురుగా 23,400 విలువ చేసే కారు ఉంటుంది, ఉద్యోగం పోతే అమ్మి ఆ అప్పు తీర్చి పోవచ్చు. కారు ఎలాంటిదో తెలుసు, మూడేళ్ళు మీరే నడిపారు. వడ్డీ కార్డు కంటే, ఎడ్యుకేషన్ లోన్ కంటే తక్కువ. అతను రెండు రోజులు టైమ్ అడిగి ఒప్పుకున్నాడు. ఆ రెండు రోజులూ అవసరమే.

డీలర్ 9.1 శాతం అన్నాడు, ఒక బ్యాంకు 8.4 అంది, అదీ వీసా గడువు లోపల తీరిపోయేలా ఉంటేనే ఇస్తామంది. ఒక క్రెడిట్ యూనియన్, అంటే సభ్యులే నడుపుకునే బ్యాంకులాంటిది, 7.25 కి 60 నెలలు ఇచ్చింది. పన్ను, ఫీజులు కలిపి 1,590 ని బోనస్‌లో పక్కన పెట్టినదాంట్లోంచి కట్టారు, అందుకే దాన్ని ఖర్చు కానివ్వలేదు. 19,800 మీద వాయిదా 394. లీజ్ కంటే 95 తక్కువ. సర్టిఫికేషన్ పేరుతో డీలర్ ఇంకో చార్జ్ కలపబోతే వద్దని చెప్పి తీయించుకున్నారు.

ఆ 95 మొత్తం అప్పుకి పంపాలని అతని ఉత్సాహం. 60 డాలర్లు కారు రిపేర్ల పేరుతో వేరే ఖాతాలో వేయించాను, ఎందుకంటే వారంటీ అయిపోయిన కారుకి టైర్లు, బ్రేకులు వస్తాయి. అక్టోబర్‌లో టైర్లు మార్చాల్సి వచ్చింది, అప్పటికి అందులో ఉన్నది సరిపోలేదు గానీ, తక్కువైనది బోనస్‌లో మిగిలిన 900 లోంచి తీశారు, కార్డు గీయలేదు. మిగతా 35 సున్నా వడ్డీ కార్డుకి చేరింది. 2025 ఫిబ్రవరిలో, ఆ 18 నెలల గడువుకి మూడు నెలల ముందే, కార్డు బాకీ పూర్తయింది. మార్చి నుంచి నెలకి 765 ఎడ్యుకేషన్ లోన్‌కి అదనంగా వెళ్తోంది.

ఆ లోన్ గురించి ఒక మాట. రూపాయి పడిపోతోంది కదా, లోన్ నెమ్మదిగా తీరిస్తే మనకే లాభం కదా అని ఆమె అడిగింది. కొంత నిజమే, అదే 49,300 కి 2023 లో 594 డాలర్లు పంపిన వాళ్ళు 2025 లో 88 రేటుకి 560 పంపారు. కానీ రూపాయి ఏడాదికి మూడు శాతం పడినా 12.5 లోంచి అది తీసేస్తే ఇంకా తొమ్మిదిన్నర ఉంటుంది, కారు అప్పు 7.25. కాబట్టి కారు అప్పు మామూలు వాయిదాల్లోనే పోనిచ్చి, అదనపు డబ్బంతా ఇండియాకే.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు ఎవరు లీజ్ కారుతో వచ్చినా మొదట నాలుగు అంకెలు అడుగుతాను: మిగిలిన వాయిదాలు, ఇవాళ తెంచుకుంటే బాకీ, కాంట్రాక్టులో రాసిన కొనుగోలు ధర, బజార్లో ఇవాళ్టి ధర. బజారు ధర కంటే కొనుగోలు ధర తక్కువుంటే ఒక సంభాషణ, ఎక్కువుంటే పూర్తిగా వేరే సంభాషణ. ఇంట్లో రెండు కార్లుంటే రెండింటి మైళ్ళూ కలిపి చూస్తాను, తాళం ఎవరి దగ్గరుందో చూడను. పిల్లలుంటే డేకేర్ ఎన్నింటికి మూస్తారో అడుగుతాను. ఒక్క కారుతో గడపమని చెప్పాల్సి వస్తే రెండు వారాలు ప్రయత్నించి చూశాకే ప్లాన్‌లో రాస్తాను.

2025 సెప్టెంబర్‌లో వాళ్ళకి మళ్ళీ ఒక డీలర్ నుంచి ఫోన్ వచ్చింది. ఎలక్ట్రిక్ కార్ల మీద ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే 7,500 డాలర్ల టాక్స్ క్రెడిట్, అంటే పన్ను రాయితీ, సెప్టెంబర్ 30 తో అయిపోతోంది, ఈలోపే పాత లీజ్ ముగించి కొత్తది తీసుకుంటే నెలకి 389 అని. ఈసారి నన్ను అడగలేదు. వాట్సాప్‌లో ఒక కాగితం ఫోటో పంపింది ఆమె. కొత్త లీజ్‌లో కలిపిన పాత బాకీ చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసి ఉంది, రెంట్ చార్జ్ నుంచి లాగిన వడ్డీ శాతం పక్కన ఉంది, కింద అతని చేతిరాతతో "ఆరు వాయిదాలే ఉన్నాయి, తిరిగిచ్చేద్దాం" అని ఉంది. ఎడ్యుకేషన్ లోన్ 17 లక్షల చిల్లరకి వచ్చింది. మార్చిలో ఈ కారు వెళ్ళిపోయాక ఆ 612 కూడా ఇండియాకి పంపితే ఎప్పటికి తీరుతుంది అక్కా అని అడిగింది. లెక్క వేసి 2026 చివరికి అని చెప్పాను.

ఇది రాస్తున్న 2025 అక్టోబర్‌లో ఆమె వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని చేస్తోంది. అక్టోబర్ మొదటి నుంచి ఎలక్ట్రిక్ కారుని పార్కింగ్‌లో ఉంచి ఎస్‌యూవీ ఒక్కదానితో గడిపి చూస్తున్నారు, మార్చికి ముందే తెలిసిపోవాలని. ఇది రెండో వారం. బాబుని తీసుకురావడం ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదని నిన్న మెసేజ్ పెట్టారు.